త్రిశూలం వరుస

భవాని పేట్, షోలాపూర్
12 జూన్ 1988

చిరంజీవి దత్తాత్రికి,

అన్న సిద్ధరాములు రాసేది. ఇక్కడ బాపు, మీ వదిన, నేను కులాసా. నువ్వు కులాసాయేనా అని అడగను. కులాసాగా ఉండబట్టే కదా పూణె నుంచి గజం పొడుగు కాగితాలు చుట్టి పోస్టులో పంపుతున్నావు.

నీ కాగితం శనివారం అందింది. బాపు దాన్ని నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు నేత నాడెలు బరువు పెట్టి, పొద్దుటి పూటంతా దాని ముందే కూర్చున్నాడు. తర్వాత మగ్గాల గదిలోకి పోయి నా నెమలి గ్రాఫు ఉన్న మేకు దగ్గర నిలబడ్డాడు. పదకొండేళ్లుగా ఆ మేకు నా నెమలిది. ఎగ్జిబిషన్‌లో బహుమతి వచ్చిన డిజైన్ అది. దాన్ని తన చేత్తో దింపి, చుట్ట చుట్టి నా ఒళ్లో పెట్టాడు. "దీన్ని లోపట పెట్టుకో పెద్దోడా. చిన్నోని చార్టుకు జాగ కావాలె" అన్నాడు.

నాకేం కుళ్లు లేదు. జాగా సంగతి చెబుతున్నాను, అంతే.

మార్కండేయ రథానికి నాలుగు వైపులా కట్టే నాలుగు పరదాలూ ఈ ఏడు మన ఇంటికే వచ్చాయని నీకు ఎవరో ముందే చెప్పినట్టున్నారు. నేను రాయలేదు మరి. మృకండు ముని తపస్సు, పిల్లవాడి శివపూజ, యముడి పాశం, ప్రత్యక్షమైన శివుడు. నాలుగు బొమ్మలూ గీసేది నేను, గళ్ల కాగితం మీదికి ఎక్కించేది నేను, మగ్గానికి కట్టే జెకార్డు అట్టలకు చిల్లులు కొట్టేది నేను. రాఖీ పున్నమికి రథం కదులుతుంది. అప్పటికి నాలుగూ తయారు కాకపోతే బాపు పేట్‌లో తలెత్తుకోలేడు. ఇంత పని మా నెత్తిన ఉంటే, నువ్వు రంగు పెన్సిలుతో నాలుగు పట్టీలు గీసి పంపావు. పేట్ అంతా వచ్చి చూసిపోతోంది. "క్యా దిమాగ్ హై" అంటున్నారు.

సరే, మంచిదే. ఆరోగ్యం చూసుకో.

నీ అన్న
సిద్ధరాములు


పూణె
18 జూన్ 1988

అన్నకు నమస్కారం. వదినకు కూడా.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. మేకు కోసం ఇంత లొల్లా? గోడకు ఇంకో మేకు కొట్టుకోరాదూ?

చార్టు నా అంతట నేను పంపలేదు. బాపే అడిగాడు. పక్కింటి పార్వతీబాయి కూతురి చేత మరాఠీలో కార్డు రాయించాడు. "నాలుగు పరదాలు, రెండు మగ్గాలు, రెండు నెలలు, నాకు గాభరా అయితుంది, మీ ఫ్యాక్టరీల పని ఎట్ల పంచుకుంటరో చెప్పు" అని. ఏ గ్రాఫు ఎంతవరకు వచ్చిందో కూడా అందులోనే రాయించాడు.

మా ప్లానింగ్ సెక్షన్‌లో గోడ నిండా ఇవే. ఒక్కో వరుస ఒక్కో పని. ఒక్కో గడి ఒక్కో రోజు. రోజులు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. పని జరిగిన రోజు గడి నింపాలి, జరగకపోతే ఖాళీగా వదలాలి. మా సాహెబు లోపలికి వస్తూనే గోడ వైపు చూస్తాడు, ఎవరినీ ఏమీ అడగడు.

బాపుకు అక్షరాలు రావు కాబట్టి ప్రతి వరుస మొదట్లో బొమ్మ వేశాను. పైన గడ్డం ముని, దాని కింద గంట, తర్వాత దున్నపోతు, అన్నిటికీ అడుగున త్రిశూలం. నీ చెయ్యి నాకెక్కడిది, దున్నపోతు మేకలాగా వచ్చింది. పై నుంచి మొదలుపెట్టాలి. మునిది ముందు, ఎందుకంటే దాని అట్టలు నువ్వు కొట్టేశావు. అది నేస్తుండగా నువ్వు మిగతావి తయారుచేస్తావు. శివుడు చివరికి, ఎందుకంటే దాని గ్రాఫు ఇంకా మొదలే కాలేదు.

ఇదంతా బాపుకు చదివి వినిపించు, అన్నా. మరచిపోవద్దు.

తమ్ముడు
దత్తాత్రి


భవాని పేట్
26 జూన్ 1988

దత్తాత్రికి,

పార్వతీబాయి కూతురి చేతనా? మరాఠీలోనా? ఇంట్లో ముత్యాల్లాంటి తెలుగు రాసే పెద్ద కొడుకుని పెట్టుకొని! నా చేత రాయిస్తే నా మొహం చిన్నబోతుందనుకున్నాడేమో. ఇప్పుడు మాత్రం పెద్దగా వెలిగిపోతోందా? మీ వదిన సావిత్రి బీడీలు చుట్టే చోట ఈ మాట చెప్పింది, ఆడవాళ్లంతా నవ్వారట. తనూ నవ్వే ఉంటుంది, నాకు తెలుసు.

నీ ఉత్తరం బాపుకు వినిపించాను. నువ్వు బాగున్నావని, మీ సాహెబు గోడ వైపు చూస్తాడని, దున్నపోతు మేకలా వచ్చిందని చెప్పాను. దున్నపోతు మాటకు కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. నేను చెప్పిన మాటకు అంత నవ్వి ఎన్నేళ్లయిందో.

పని మొదలైంది. బాపు త్రిశూలం వరుస ముందు ఎత్తుకున్నాడు. పరదా పన్నా, అదే వెడల్పు, పెద్దది కదా, రెండు ముక్కలుగా నేసి నడుమ కుట్టాలి, అందుకని రెండు మగ్గాలకూ శివుడి పడుగే ఎక్కించారు. నన్ను శివుడి గ్రాఫుకు కూర్చోబెట్టాడు. "ముని అట్టలు తయారున్నయి కద బాపూ" అన్నాను, ఒక్కసారి. "ఫ్యాక్టరీ హిసాబు ఫ్యాక్టరీది. చిన్నోడు అడుగుకు త్రిశూలం పెట్టిండు. గ్రాఫు అడుగు నుంచే గద మనం నేసేది? నీకు తెల్వదా?" అన్నాడు. నేనేం మాట్లాడను? నీ కాగితం సంగతి నీకూ ఆయనకూ తెలియాలి.

శివుడంటే మాటలా? జటలు, గంగ, పాము, పులితోలు, ఎనిమిది రంగులు. పొద్దస్తమానం వంగి గళ్లు నింపుతున్నాను. ఉంటాను.

సిద్ధరాములు


పూణె
4 జూలై 1988

అన్నకు,

ఉత్తరం అందింది. వానలు మొదలయ్యాయి. రూములో గోడ చెమ్మగిల్లి బట్టలు వాసనొస్తున్నాయి.

బాపు త్రిశూలంతో మొదలుపెట్టాడని రాశావు. సరే. బాపు అనుభవం బాపుది, మధ్యలో నేనెవరిని? నువ్వు గ్రాఫు తొందరగా ముగిస్తే ఏ ఇబ్బందీ ఉండదు. షోలాపూర్ మొత్తంలో నీలాంటి డిజైన్ మాస్టర్ లేడని బాపు ఎంతమందితో అన్నాడో నేను చెవులారా విన్నాను. ఆ మాట నిలబెట్టుకునే సమయం వచ్చింది.

ఒక సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. చిన్నప్పుడు బాపు నీ చెయ్యి పట్టుకొని కుంచె దిద్దించాడు గదా, గుర్తుందా? నేనూ పక్కన కూర్చునేవాడిని. ఒకరోజు నా కుంచె రెండు గళ్లు దాటిందని "నీకిది రాదు, నువ్వు బడికి పో" అన్నాడు. అందరూ దాన్ని నా అదృష్టం అంటారు, చదువుకున్నాడు, పూణె పోయాడు అని. నీ గ్రాఫులు గోడ మీద ఉండేవి, నా మార్కుల కాగితాలు ట్రంకుపెట్టెలో అడుగున ఉండేవి. నా కాగితం ఒక్కటి, ఒకే ఒక్కటి, గోడకెక్కింది. దానికే నీకు నిద్ర పట్టడం లేదు.

రెండో మగ్గం నేసే ఆంజనేయులు మామను అడిగానని చెప్పు.

దత్తాత్రి


భవాని పేట్
29 జూలై 1988

దత్తాత్రికి,

నిద్ర బాగానే పడుతోంది. నా నిద్ర సంగతి నీకెందుకు?

శివుడి గ్రాఫు, అట్టలు కలిపి ఇరవై అయిదు రోజులు పట్టింది. ఎవడు గీసినా అంతే పడుతుంది. ఆ ఇరవై అయిదు రోజులూ రెండు మగ్గాలు పడుగు కట్టుకొని ఊరికే నిలబడ్డాయి. బాపు పొద్దున లేవగానే మొహం కడుక్కొని నీ చార్టు ముందుకు వస్తాడు. నింపడానికి పెన్సిలు పట్టుకుంటాడు, నింపడానికి ఏమీ ఉండదు, మళ్లీ చెవికి పెట్టుకుంటాడు. రోజూ ఇదే. వచ్చిన ప్రతివాడూ ఆ ఖాళీ గళ్లు చూసి నా వైపు తిరుగుతాడు. ఆంజనేయులు మామ అయితే "ఏందిరా సిద్ధూ, శివునికి జటలు ఒక్కొక్క ఎంటిక గీస్తున్నవా?" అన్నాడు.

మొన్న అన్నం తింటుండగా బాపు అన్న మాట రాస్తున్నాను, చదువుకొని సంతోషించు. "చిన్నోడు దూరమున్నా పని జేస్తుండు. నువ్వు ఇంట్ల ఉండి గూడ ఆపుతున్నవ్."  ఇరవై ఏళ్లుగా ఆయన పక్కన కూర్చొని గళ్లు నింపి నింపి నా నడుము వంగింది. నువ్వు ఒక కాగితం పంపావు. అంతే, నువ్వు పని చేసేవాడివి, నేను ఆపేవాడిని అయ్యాను.

సావిత్రి అంటుంది, "తమ్మునికి ఒక్క ముక్క రాసి అడుగరాదు, గా చార్టు ఎట్ల సూడాల్నో?" అని. నేను కసురుకున్నాను. నాకు తెలియక కాదు గదా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

శివుడు మగ్గమెక్కాడు. పనితనం మాత్రం చూడవలసిందే. రథం కమిటీ పెద్ద పెంటయ్య వచ్చి పాము పడగ చూసి చేతులు జోడించాడు. ఆ ఒక్క నిమిషం బాపు నా భుజం మీద చెయ్యి వేశాడు. అది కూడా రాస్తున్నాను, నీకు తెలియాలని.

సిద్ధరాములు


పూణె
5 ఆగస్టు 1988

అన్నకు,

భుజం మీద చెయ్యి సంగతి తెలిసింది. సంతోషం.

చార్టు గొప్పతనమే అది. ఎక్కడ ఖాళీ ఉందో చూస్తే పని ఎవరి దగ్గర ఆగిందో ఎవరూ నోరు విప్పి చెప్పనక్కరలేదు. నన్ను తిట్టి లాభం లేదు. గళ్లను తిట్టుకో.

పండుగకు రావడానికి సెలవు దొరకడం లేదు. నాలుగు పరదాలతో రథం ఫోటో ఎవరి చేతనైనా తీయించి పంపండి.

దత్తాత్రి


భవాని పేట్
29 ఆగస్టు 1988

తమ్ముడూ,

ఫోటో తీయించలేదు. మూడు పరదాలే అయ్యాయి.

పండుగ నాలుగు రోజులుందనగా పెంటయ్య మళ్లీ వచ్చాడు. వెనకటికి మిల్లులో సూపర్‌వైజర్ కదా, నీ చార్టు ముందు నిలబడి అట్లాగే చూసి బాపు వైపు తిరిగాడు. "నర్సన్నా, ఇదేంది? నువ్వు దీన్ని కింది నుంచి చదివినవా? ఇవి తారీఖులే. అడ్డం నడుస్తయి. మునిది మొదలు, శివునిది ఆఖరు. ముని అట్టలు జూన్ల నుంచి తయారుండె గదనే!" అన్నాడు.

 నేతగాడికి గళ్ల కాగితం అంటే ఒకటే అర్థం. అడుగు వరుస నాడెతో వేసే మొదటి పోటు, ఒక్కో వరుస పైకి పోతే కాలం పోయినట్టు. అడ్డం అంటే బట్ట పన్నా, అంతే. అడ్డంలో రోజులు ఉంటాయని బాపు కలలో కూడా అనుకోలేదు. తపస్సు పరదా అట్టలు మేకుకు వేలాడుతూనే ఉన్నాయి, అదే మిగిలిపోయింది. నాలుగు రోజుల్లో అయ్యేది కాదు.

రథం వెనక వైపు పసుపు గుడ్డ కట్టారు. బాపు ఆ పక్కనే నడిచాడు, ఊరేగింపు మొదలు నుంచి చివరిదాకా. ఎవరూ అడగకముందే తనే చెబుతున్నాడు, "తప్పు నాదే. చిన్నోని కాగితం మంచిదే, పెద్దోని చెయ్యి మంచిదే. సదువు లేనోన్ని నేను, తలకిందులు సూసిన." భవాని పేట్ నుంచి జోడ్‌భావి పేట్ దాకా ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నేను వెనకే ఉన్నాను. ప్రతిసారీ విన్నాను.

మూడు రోజులుగా మగ్గం గుంటలో దిగలేదు. "నాకు బుద్ధి మందగించింది, ఇగ నా మగ్గం గూడ ఎవలకన్న ఇచ్చెయ్యుండ్రి" అంటున్నాడు. అన్నం దగ్గర కూర్చుంటాడు, లేస్తాడు.

ఇక నేను దాచలేను. నాకు మొదటి రోజే తెలుసు. నీ ఉత్తరంలో పై నుంచి అని రాశావు. నేను బాపుకు ఆ ముక్క చదవలేదు. దున్నపోతు దగ్గర ఆపేశాను. నీ కాగితం అబద్ధం కావాలని, పేట్ వాళ్లు నవ్వాలని, నా నెమలి మళ్లీ ఆ మేకుకు ఎక్కాలని ఆశ పడ్డాను. అసూయ తమ్ముడూ, ఉట్టి అసూయ. ఇరవై అయిదు రోజులు మాటలు పడుతూ కూడా నోరు విప్పలేదు. కుళ్లుకు అంత ఓపిక ఉంటుందని నాకు తెలియదు.

నువ్వు నన్ను ఏమైనా అను.

సిద్ధరాములు


పూణె
3 సెప్టెంబర్ 1988

అన్నా,

నిన్ను ఏమనడానికీ నాకు నోరు లేదు.

జూన్ 26న నువ్వు రాసిన ఉత్తరం చూడగానే నాకు అర్థమైంది. "గ్రాఫు అడుగు నుంచే గద మనం నేసేది" అని బాపు అన్నట్టు రాశావు చూడు, అక్కడే తెలిసిపోయింది. నేనూ నేతగాడి కొడుకునే కదా. ఒక టెలిగ్రాం ఇస్తే సరిపోయేది. పోస్టాఫీసు మా ఫ్యాక్టరీ గేటు ఎదురుగానే ఉంది. రెండుసార్లు లోపలికి పోయి వచ్చాను.

గ్రాఫు కోసం మగ్గాలు ఆగుతాయని తెలుసు. బాపు నీ వైపు ఒక్కసారైనా కోపంగా చూస్తాడని, పెద్దోడు ఆలస్యం చేశాడు అంటాడని అనుకున్నాను. అదొక్కటి జరిగితే చాలనిపించింది. "బాపు అనుభవం బాపుది" అని రాసి కవరు అంటించాను. తర్వాత భుజం మీద చెయ్యి వేశాడని నువ్వు రాస్తే ఆ పూట మెస్సులో తినలేదు.

పసుపు గుడ్డ పక్కన నడిచాడని రాశావు. ఆ వాక్యం దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాను, ముందుకు చదవలేకపోతున్నాను.

పదో తారీఖు శనివారం ఉదయం బండికి వస్తున్నాను. అన్నా, నేను వచ్చేదాకా ఏమీ చెప్పకు. ఇద్దరం ఒకేసారి ఆయన ముందు కూర్చొని చెబుదాం. తప్పు ఆయనది కాదని ఆయనకు తెలియాలి, కానీ నీ ఒక్కడి నోట కాదు. ఈ ఒక్కటి నా కోసం చెయ్యి.

నీ తమ్ముడు
దత్తాత్రి


భవాని పేట్
7 సెప్టెంబర్ 1988

తమ్ముడు దత్తాత్రికి,

ఈ ఉత్తరం నువ్వు బయల్దేరకముందే అందాలని ఈ పూటే పోస్టు చేస్తున్నాను.

నువ్వు ఆగమన్నావు. నేను ఆగలేదు. నిన్న పొద్దున ఆంజనేయులు మామతో బాపు మగ్గం బేరం మాట్లాడుతుంటే విన్నాను. మామను బయటికి పంపి, బాపు ముందు కూర్చొని చెప్పేశాను. నీ ఉత్తరం తీసి, ఆ రోజు చదవకుండా దాచిన ముక్క మొత్తం చదివి వినిపించాను. పై నుంచి మొదలుపెట్టాలి, మునిది ముందు, శివుడు చివరికి. మరచిపోవద్దు అన్న మాటతో సహా.

బాపు చార్టు వైపు తిరిగి పై వరుసలోని ముని బొమ్మను చూశాడు. తర్వాత ఒక్కటే అడిగాడు. "చిన్నోనికి గూడ ఎర్కేనా?"

నువ్వు మూడో తారీఖున రాసిన ఉత్తరం నా జేబులోనే ఉంది. చెయ్యి జేబు మీదికి పోయింది కూడా. "లేదు బాపూ, వానికి తెల్వదు. నేనొక్కన్నే" అన్నాను.

నిన్ను కాపాడడానికి అట్లా అన్నానని అనుకుంటావేమో, అనుకోకు. ఆ నిమిషం ఆయన ఎదుట నేనొక్కడినే ఉండాలనిపించింది. నీకు అందులో సగం ఇవ్వబుద్ధి కాలేదు.

బాపు లేచి నన్ను కొట్టాడు. చెంప మీద, ఉన్న బలమంతా పెట్టి. సావిత్రి బీడీల చాట పడేసి పరుగెత్తుకొచ్చింది. రెండో దెబ్బకు చెయ్యెత్తాడు గానీ ఆ చెయ్యి నా మెడ చుట్టూ పడింది. "నాకు బుద్ధి మందగించలేదు గదరా, నాకు బుద్ధి మందగించలేదు" అంటూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఈ పొద్దు మగ్గం గుంటలో దిగాడు. ముని పరదా వచ్చే ఏటికి అక్కరకొస్తుందని మొదలుపెట్టాడు. నాతో ఇంకా మాట్లాడడు. కానీ అట్టలు తెచ్చి కట్టమని చేత్తో సైగ చేశాడు.

శనివారం వచ్చాక నీ సంగతి నువ్వు చెప్పుకుంటావో, ఊరుకుంటావో నీ ఇష్టం. చెబితే నిన్నూ కొడతాడేమో తెలియదు. నా చెంప మాత్రం ఇంకా వాచే ఉంది, నాలుగు వేళ్లూ కనిపిస్తున్నాయి. పొద్దుటి నుంచి అద్దంలో చూసుకుంటూనే ఉన్నాను. నీకు రాయకుండా ఉండలేకపోయాను.

అన్న
సిద్ధరాములు